కరెంటు పోయినా నిలిచే ఇల్లు

చేలో ఇల్లు కట్టుకుంటామని నా దగ్గరికి వచ్చేవాళ్లను ముందుగా ఒక ప్రశ్న అడుగుతాను. మే నెల, మధ్యాహ్నం మూడు గంటలు, కరెంటు పోయింది, రేపు పొద్దున దాకా రాదన్నారు. ఇంట్లో ఎక్కడ కూర్చుంటారు? తాగే నీళ్లు ఎక్కణ్నుంచి తెచ్చుకుంటారు? రాత్రికి అన్నం దేనిమీద వండుతారు? ఎక్కువమంది ‘ఇన్వర్టర్ పెట్టించుకుంటాం మేడం’ అంటారు. కొందరు ‘సోలార్ ఉంటుంది కదా’ అంటారు. ఇంటి మాట మాత్రం ఎవరూ ఎత్తరు. ఆ ప్రశ్నకు ముందు ఇల్లే జవాబు చెప్పాలి, ప్యానెళ్లూ బ్యాటరీలూ ఆ తర్వాత రావాలి అన్నది నా గట్టి నమ్మకం. ఈ వ్యాసమంతా ఆ వరుస గురించే.

మాది అనంతపురం వైపు. నాన్న తాపీమేస్త్రి. నేను సివిల్ ఇంజనీరింగ్ చదివి, కదిరి, ధర్మవరం, పెనుకొండ చుట్టుపక్కల చేలల్లో ఇళ్లు కట్టిస్తుంటాను. బెంగళూరులో ఉద్యోగాలు మానుకుని నాలుగెకరాలు కొనుక్కున్న జంటలు వస్తారు. రిటైరయి సొంతూరు చేరిన టీచర్లు వస్తారు. ఊళ్లోనే పుట్టి పెరిగిన రైతుబిడ్డలూ వస్తారు. అందరికీ కావలసింది ఒకటే: పిడుగు పడినా, తుపాను వచ్చినా, బిల్లు పెరిగినా ఇల్లు తమను వదిలిపెట్టకూడదు.

ఇప్పుడు కరెంటు బాగానే ఉంది కదా అనేవాళ్లకు కొన్ని గుర్తుచేస్తాను. 2012-13లో ఉమ్మడి రాష్ట్రంలో పరిశ్రమలకు పవర్ హాలిడేలు ప్రకటించారు, పల్లెల్లో గంటల తరబడి కోతలు. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో పరిశ్రమలకు మళ్లీ పవర్ హాలిడే వచ్చింది. 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తరాదిలో గ్రిడ్ కుప్పకూలి కోట్లమంది చీకట్లో ఉన్నప్పుడు మన దక్షిణాది గ్రిడ్ వేరుగా ఉండబట్టి మనకు తగల్లేదు. 2013 డిసెంబర్ 31న రాయచూర్-షోలాపూర్ లైనుతో మనమూ ఆ గ్రిడ్డులో కలిశాం. కలవడం మంచిదే, ఒకచోట కొరత పడితే ఇంకోచోటి నుంచి అందుతుంది. కానీ దూరంలో వచ్చిన కష్టం కూడా ఇప్పుడు మనదే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటాక విశాఖలో అంత పెద్ద నగరానికే రోజుల తరబడి కరెంటు లేదు. ఇక వంటగ్యాసు సంగతి: మన దేశం వాడే ఎల్‌పీజీలో సగానికి పైగా బయటి దేశాల నుంచి ఓడల్లో వస్తుంది. కొరత అంటే రేపే లోకం ఆగిపోతుందని కాదు నా ఉద్దేశం. ఒక ఏడు కోతగా వస్తుంది, ఒక ఏడు ధరగా వస్తుంది, ఒక ఏడు గాలివానగా వస్తుంది. ఇల్లు యాభై ఏళ్లు ఉండాల్సిన వస్తువు. ఆ యాభై ఏళ్లలో ఈ మూడూ వస్తాయనుకునే ఇంటి ప్లాను గీయాలి.

మొదటి సంగతి కప్పు.

తమ దగ్గర ఉన్న పాశ్చాత్య పుస్తకాలు చూసి కొందరు యువకులు దక్షిణం వైపు పెద్ద పెద్ద అద్దాలు కావాలని అడుగుతారు. అక్కడ చలి శత్రువు, అందుకని శీతాకాలపు ఎండను ఇంట్లోకి పిలుచుకుంటారు. మన దగ్గర లెక్క వేరు. అనంతపురం భూమధ్యరేఖకు ఉత్తరంగా 14.7 డిగ్రీల దగ్గర ఉంది. డిసెంబర్ 21న కూడా మధ్యాహ్నం సూర్యుడు దాదాపు 52 డిగ్రీల ఎత్తున ఉంటాడు. ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు రెండో వారం దాకా మధ్యాహ్నపు ఎండ నడినెత్తికి కొంచెం ఉత్తరంగా పడుతుంది. అంటే ఎండాకాలమంతా సూర్యుడు కాల్చేది కప్పునే. పొద్దున తూర్పు గోడ, సాయంత్రం పడమటి గోడ కాలతాయి. దక్షిణం గోడకు రెండడుగుల చూరు చాలు, వేసవి ఎండ దాన్ని తాకదు. మన ఇంటికి ఖర్చు పెట్టాల్సిన మొదటి రూపాయి కప్పు మీద, రెండో రూపాయి పడమటి గోడ మీద.

ఇప్పుడు ఎక్కడ చూసినా ఐదంగుళాల కాంక్రీటు స్లాబే. పగలంతా ఎండలో దాని పైభాగం 60 డిగ్రీల దాకా కాగుతుంది. ఆ వేడి స్లాబు మందాన్ని దాటి లోపలికి చేరడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. అందుకే సాయంత్రం బయట చల్లబడుతుంటే గది కాగుతుంది. రాత్రి పది గంటలకు చెయ్యి పైకెత్తి సీలింగును ముట్టుకుంటే ఇంకా వెచ్చగా తగులుతుంది. ఫ్యాను ఆ వెచ్చటి గాలినే కిందికి తోస్తుంది. అప్పుడు ఏసీ కొంటారు. స్లాబు తెచ్చిపెట్టిన వేడికి జీవితాంతం కరెంటు బిల్లు కడుతుంటారు.

మా రాయలసీమ మిద్దె ఈ చిక్కును వేరే దారిలో విప్పింది. దాన్ని దగ్గరగా చూడటం మంచిది, ఎందుకంటే అందులో నేర్చుకోవాల్సిందీ ఉంది, వదిలెయ్యాల్సిందీ ఉంది. ఒకటిన్నర, రెండడుగుల మందాన రాతి గోడలు, మధ్య బంకమట్టి. గోడల మీదా స్తంభాల మీదా దూలాలు. దూలాల మీద అడ్డంగా దంతెలు. దంతెల మీద నాపరాళ్లో, చెక్కలో, వెదురు పేళ్లో పరుస్తారు. దానిమీద ఆకూ అలమూ, ఆపైన తడిపి తొక్కిన మట్టి. అన్నిటికన్నా పైన చవుడు. ఈ చవుడు దగ్గరే మన పెద్దల చూపు తెలుస్తుంది. ఏ పంటా పండని ఉప్పు నేల మట్టి అది. అందులోని సోడియం వల్ల మట్టిరేణువులు తడి తగలగానే విడిపోయి, ఉబ్బి, సందులన్నీ మూసేస్తాయి. వాన మొదలైన కాసేపటికి పైపొర జిడ్డుగా బిగుసుకుపోయి నీళ్లు లోపలికి దిగవు, దోనెలోంచి జారిపోతాయి. ఉప్పు ఎక్కువ కాబట్టి గడ్డి కూడా మొలవదు, వేళ్లు దిగి కన్నాలు పెట్టవు. ఏటా వానలకు ముందు మిద్దెకెక్కి కొత్త చవుడు చల్లి సరిచేసుకోవాలి.

మా దగ్గర పనిచేసే పెద్ద మేస్త్రి, డెబ్బై దాటిన మనిషి, కుర్రాళ్లకు చవుడు పరిచే పని చూపిస్తుంటే పక్కన నిలబడి విన్నాను. ‘ఊరికే పోసి పోతే నిలబడదు పాపా. సన్నంగా జల్లెడ పట్టల్ల. వాటం చూసి పరచల్ల. ఈ మూల నుంచి ఆ దోనె దంకా ఒక చెంబు నీళ్లు పోస్తే ఎక్కడా నిలవకుండా పోవల్ల. అప్పుడు మేలు’ అన్నాడు. ఆ తర్వాత నిజంగానే చెంబుతో నీళ్లు పోసి చూపించాడు. నీళ్లు ఒకచోట పళ్లెమంత మడుగు కట్టాయి. చేత్తో మట్టి తీసి అక్కడ అద్ది మళ్లీ పోశాడు. కొలతబద్దా లేదు, లెవెల్ గొట్టమూ లేదు.

అంత మందం మట్టి కప్పు గుండా వేడి లోపలికి రావడానికి పది గంటలు దాటుతుంది. మధ్యాహ్నపు వేడి లోపలికి చేరేసరికి అర్ధరాత్రి అవుతుంది, అప్పటికి ఇంట్లోవాళ్లు మిద్దె మీద ఆరుబయట పడుకుని ఉంటారు. కప్పులో గవాచి ఉంటుంది, వేడిగాలీ వంటపొగా దాంట్లోంచి పైకి పోతాయి, పగలు వెలుతురు పడుతుంది, వానొస్తే మూతపెడతారు. ఒక్క యూనిట్ కరెంటు లేకుండా ఇంత పని జరిగింది.

అయినా ఈనాడు కొత్తగా మట్టి మిద్దె వేసుకోమని నేను ఎవరికీ చెప్పను. అడుగు మందం మట్టి అంటే చదరపు మీటరుకు దాదాపు 480 కిలోలు. తడిస్తే ఇంకా ఎక్కువ. దూలాన్ని లోపలి నుంచి చెదలు తింటుంటే బయటికి తెలియదు. వారం రోజులు ముసురు పట్టిన ఏడాది మిద్దెలు కూలి నిద్రలోనే మనుషులు పోయిన వార్తలు మా వైపు కొత్త కాదు. పెద్దల మీద గౌరవం ఉండాలి, వాళ్లు పడ్డ ప్రమాదాన్ని మళ్లీ కొని తెచ్చుకోకూడదు. మిద్దె చెప్పిన సూత్రాన్ని, అంటే మందం, తెలుపు, పైన గాలికి దారి, వీటిని తీసుకుని బరువును వదిలెయ్యాలి.

ఎలాగంటే, స్లాబు తప్పదనుకుంటే ఫిల్లర్ స్లాబు వేయిస్తాను. స్లాబు కింది సగంలో కాంక్రీటు చేసే పని దాదాపు ఏమీ ఉండదు, లాగుడు బలాన్ని ఇనుము మోస్తుంది. కాబట్టి చువ్వల మధ్య సందుల్లో మంగుళూరు పెంకులు రెండేసి బోర్లించి పెట్టి పైన కాంక్రీటు పోస్తాం. పెంకుల మధ్య గాలి నిలిచి వేడిని ఆపుతుంది, సిమెంటూ ఇనుమూ తగ్గుతాయి. ఇంగ్లండులో పుట్టి తిరువనంతపురంలో స్థిరపడ్డ లారీ బేకర్ దీన్ని కేరళ అంతటా ఇళ్లలో వాడి చూపించారు. ఆ స్లాబు మీద సున్నం గచ్చు. ఇటుకముక్కలూ సున్నమూ కలిపి పరిచి, కరక్కాయ, బెల్లం నానేసిన నీళ్లు చల్లుతూ చెక్కబద్దలతో రోజుల తరబడి కొట్టి గట్టిచేసే పని అది. ఈ పని తెలిసినవాళ్లు తగ్గిపోయారు, కూలీ ఎక్కువవుతుంది. అంత పెట్టలేనివాళ్లకు కనీసం ఏటా ఫిబ్రవరిలో స్లాబుకు తెల్ల సున్నం కొట్టమంటాను. ఇది చిన్న విషయం కాదు. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఐదేళ్లకు కూల్ రూఫ్ విధానమే తెచ్చింది, 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పులను చల్లబరచాలని లక్ష్యం పెట్టుకుంది. ఎండను తిప్పికొట్టే తెల్లటి కప్పు, బ్యాటరీ అక్కర్లేని యంత్రం.

పడమటి గోడ దగ్గర నాకూ వాస్తు చూసేవాళ్లకూ మాట పడుతుంది. పెద్ద పడకగది నైరుతిలో ఉండాలంటారు. సాయంత్రం ఎండ తగిలే మూల అది, రాత్రి తొమ్మిదికి ఇంట్లో అన్నిటికన్నా వేడిగా ఉండే గది. నమ్మకాన్ని కాదనను. గదిని అక్కడే ఉంచి, దాని పడమట ఎనిమిదడుగుల వసారా దింపుతాను. వసారా అవతల వేప, కానుగ నాటిస్తాను. వసారాకు చోటు లేకపోతే పడమటి పొడుగునా స్నానాలగది, మెట్లు, ధాన్యం కొట్టు వరుసగా పెట్టేస్తే ఎండ దెబ్బ అవే కాస్తాయి. చెట్లు నాటడం పునాది తవ్వే ఏడాది కాదు, స్థలం కొన్న ఏడాదే జరగాలి. వేపచెట్టు నీడ ఇవ్వడానికి నాలుగైదేళ్లు పడుతుంది, ఇల్లు ఎనిమిది నెలల్లో లేచిపోతుంది.

ఇదంతా పగలు కాగి రాత్రి చల్లబడే మెట్ట ప్రాంతాల మాట. కోస్తాలో రాత్రి కూడా ఉక్కే, అక్కడ మందపాటి గోడ మింగిన వేడిని బయటికి వదిలే చల్లటి సమయమే దొరకదు. అక్కడ గాలే ఇల్లు. గోదావరి జిల్లాల మండువా లోగిలి నడిమి వాకిలి చుట్టూ గాలిని తిప్పుతుంది. ఉత్తరాంధ్ర తీరంలోని చుట్టిళ్లు గుండ్రటి గోడతో, నేలదాకా వంగిన గడ్డికప్పుతో తుపాను గాలికి పట్టు దొరక్కుండా చేస్తాయి. అనంతపురంలో కట్టే ఇంటి నమూనాను అమలాపురంలో కట్టకూడదు, అక్కడిది ఇక్కడా కట్టకూడదు.

గోడల విషయానికి వస్తే, చాలాచోట్ల సామాను మీ కాళ్ల కిందే ఉంది. సిమెంటు కావాలంటే బట్టీని 1450 డిగ్రీల దాకా కాల్చాలి, ఇటుకను వెయ్యి డిగ్రీల చేరువకు కాల్చాలి. నొక్కి తయారుచేసే మట్టి దిమ్మెలకు కాల్చే పనే లేదు. మట్టిలో సుమారు 5 శాతం సిమెంటు కలిపి, కొద్దిగా తడిపి, చేత్తో నడిపే ప్రెస్సులో నొక్కి, నాలుగు వారాలు నీడన తడుపుతూ ఉంచాలి. ఆరోవిల్‌లో దశాబ్దాలుగా ఈ పద్ధతిని నేర్పుతున్నారు. మీ మట్టి పనికొస్తుందో లేదో ఒక గాజుసీసా చెబుతుంది. పైమట్టి ఒక అడుగు తీసేసి కింది మట్టిని సీసాలో మూడోవంతు పోయండి. నీళ్లు నింపి, చిటికెడు ఉప్పు వేసి బాగా కుదిపి కదలకుండా ఒకరోజు పెట్టండి. ఇసుక నిమిషంలోపే అడుగున కూర్చుంటుంది, ఒండు గంటల్లో దానిమీద పొరగా చేరుతుంది, బంక చివరికి దిగుతుంది. సగానికి పైగా ఇసుక ఉండి, బంక ఐదో వంతు చేరువలో ఉంటే మంచి దిమ్మె అవుతుంది. మా ఎర్రనేలలు చాలావరకు ఈ పరీక్షలో నెగ్గుతాయి. నల్లరేగడి నెగ్గదు. తడికి ఉబ్బి ఎండకు చీలే ఆ నేల దిమ్మెలకే కాదు, మామూలు పునాదికి కూడా పనికిరాదు. అక్కడ పునాది గురించి తెలిసిన ఇంజనీరును తప్పక అడగాలి.

ఇటుకతోనే కట్టాలనుకుంటే ఇటుకను నిలబెట్టి మధ్యలో బోలు వదిలే ర్యాట్ ట్రాప్ కట్టుబడి ఉంది. ఇటుకలు నాలుగో వంతు దాకా మిగులుతాయి, బోలులోని గాలి వేడిని ఆపుతుంది. మేస్త్రికి మొదటి రెండు రోజులు ఓపిగ్గా చూపించాలి, అంతే.

నీళ్ల విషయంలో మా జిల్లావాళ్లకు భయం ఎక్కువ, ఆ భయం న్యాయమైనదే. బోర్లు వందల అడుగుల లోతుకు పోయాయి. అంత లోతు నీళ్లు మోటారు లేకుండా రావు, మోటారు కరెంటు లేకుండా తిరగదు. బోరు మీద మాత్రమే ఆధారపడ్డ ఇల్లు కరెంటు పోయిన రెండో రోజుకే చేతులెత్తేస్తుంది. అయితే కప్పు మీద పడే వానను లెక్కపెట్టి చూడండి. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. అనంతపురంలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది, రాష్ట్రంలోనే అడుగున ఉన్న లెక్క అది. వంద చదరపు మీటర్ల కప్పు నుంచి, ఐదో వంతు పోయిందనుకున్నా, 44 వేల లీటర్లు వస్తాయి. ఐదుగురు మనుషులకు తాగడానికీ వండుకోవడానికీ తలకు రోజుకు ఐదు లీటర్ల చొప్పున ఏడాదికి 9,125 లీటర్లు చాలు. పది వేల లీటర్ల సంపు ఒకటి, వెలుతురు చొరకుండా మూసి ఉన్నది, మీ ఇంట్లో తాగునీటి భయాన్ని ఏడాది పొడవునా తీసేస్తుంది. వెలుతురు తగిలితే పాచి పడుతుంది, మూత వదులైతే దోమ చేరుతుంది. వేసవి తర్వాత పడే తొలి వాన కప్పు మీది దుమ్మునూ పిట్టరెట్టలనూ కడిగేదే కాబట్టి దాన్ని బయటికి వదిలే గొట్టం వేరుగా ఉండాలి. సంపు మీద ఒక చేతిపంపు తప్పనిసరి. పదేళ్ల పిల్ల కొట్టినా నీళ్లు రావాలి. మిగిలిన వాన నీటిని ఎండిన పాత బావిలోకో, బోరు పక్కన తవ్విన ఇంకుడు గుంతలోకో మళ్లించాలి. స్నానానికీ బట్టలకూ వాడిన నీళ్లు అరటి, మునగ, కరివేపాకు మడుల్లోకి వాలు మీద నడిచిపోవాలి. పంపు అక్కర్లేకుండా నీళ్లు పోవాలంటే ఇంటి నేల పెరటి కన్నా రెండడుగులు ఎత్తున ఉండాలి. ఈ సంగతి పునాది రోజు గుర్తుకు రాకపోతే తర్వాత దిద్దలేం.

వంటింటికి రెండు పొయ్యిలు వేరు వేరు ఇంధనాల మీద నడవాలన్నది నా నియమం. నాలుగైదు పశువులున్న ఇంటికి దీనబంధు రకం గోబర్‌గ్యాసు మంచి తోడు. రెండు ఘనపు మీటర్ల ప్లాంటుకు రోజుకు 50 కిలోల పేడ, అంతే నీళ్లు కావాలి. దానితో ఐదారుగురికి వంట అవుతుంది. చలికాలంలో గ్యాసు తగ్గుతుంది. పేడ కలపడం ఎవరో ఒకరు రోజూ చేయాల్సిన పని, ఆ మనిషి ఇంట్లో ఎవరో ముందే తేల్చుకోకుండా ప్లాంటు కడితే ఏడాదికల్లా అది పాడుబడిన గుంత అవుతుంది. పశువులు లేనివాళ్లకు పొగగొట్టం ఉన్న కట్టెపొయ్యి. ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్తాను. స్వయంసమృద్ధి పేరుతో ఆడవాళ్లను మళ్లీ పొగలోకి నెట్టే ఇంటికి నేను ప్లాను గీయను. కట్టెపొయ్యి పెట్టిన చోట గొట్టం కప్పు దాటి మూడడుగులు పైకి పోవాలి, ఎదురెదురుగా కిటికీలు ఉండాలి, కట్టెలు వానకు తడవకుండా వంటింటి గోడకే ఆనుకుని కొట్టు ఉండాలి. గ్యాసు సిలిండరు ఉంటే ఉండనివ్వండి, అదొక్కటే దిక్కు కాకుండా చూసుకోవాలి.

మరుగుదొడ్డికి జంట గుంతలు చాలు. ఒకటి నిండగానే రెండోదానికి మళ్లించి, మొదటిదాన్ని ఏడాది దాటించి రెండేళ్ల దాకా మూసి ఉంచితే అది వాసన లేని పొడి ఎరువు అవుతుంది. 2017 ఫిబ్రవరిలో వరంగల్ దగ్గరి గంగదేవిపల్లిలో కేంద్ర తాగునీటి, పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ స్వయంగా గుంతలోకి దిగి ఆ ఎరువును తీసి చూపించారు. బావికి దూరంగా తవ్వాలి, గుంతల గోడకు నీళ్లు ఇంకే సందులు వదలాలి.

ఇంత చేశాక సోలార్ దగ్గరికి రావచ్చు. అప్పుడు కావలసిన కరెంటు ఆశ్చర్యమనిపించేంత తక్కువగా తేలుతుంది. కాగితం మీద వేసి చూపిస్తాను. మామూలు ఫ్యాను 75 వాట్లు తింటుంది, బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లలో అదే గాలి ఇస్తుంది. నాలుగు బీఎల్‌డీసీ ఫ్యాన్లు పన్నెండేసి గంటలు తిరిగితే 1.44 యూనిట్లు, అదే మామూలు ఫ్యాన్లయితే 3.6. తొమ్మిది వాట్ల దీపాలు ఎనిమిది ఐదేసి గంటలు వెలిగితే 0.36. ఫ్రిజ్ ఒక యూనిట్. ఫోన్లు, ల్యాప్‌టాప్, మిక్సీ కలిపి అర యూనిట్ చిల్లర. సంపు నుంచి పైకి తోడే అర హార్స్‌పవర్ మోటారు గంటసేపు తిరిగితే అర యూనిట్ లోపు. అంతా కలిపి నాలుగు యూనిట్ల దగ్గర ఆగుతుంది. ఒక కిలోవాట్ ప్యానెళ్లు మన ఎండకు రోజుకు సుమారు నాలుగు యూనిట్లు ఇస్తాయి. మబ్బు రోజుల కోసం రెండు కిలోవాట్లు పెట్టుకుంటే ఇల్లు హాయిగా గడుస్తుంది. ఒక టన్నున్నర ఏసీ రాత్రంతా నడిస్తే ఆ ఒక్కటే ఎనిమిది పది యూనిట్లు తాగేస్తుంది. చల్లటి కప్పు మీద పెట్టిన ఖర్చు ఇక్కడ తిరిగొస్తుంది.

ఒక విషయం మాత్రం చాలామందికి ఎవరూ చెప్పరు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద రెండు కిలోవాట్లకు 60 వేలు, మూడు కిలోవాట్లకూ ఆపైనా 78 వేల రూపాయల రాయితీ వస్తుంది. మంచి పథకం, వాడుకోండి. కానీ గ్రిడ్డుకు కలిపి పెట్టే మామూలు ఇన్వర్టరు, లైన్లో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. లైను బాగుచేసే మనిషికి మీ కప్పు మీది కరెంటు వెనక్కి వచ్చి తగలకూడదని అలా ఏర్పాటు చేశారు, అది సరైనదే. ఫలితం ఏమిటంటే మిట్టమధ్యాహ్నం ఎండ మండుతున్నా, ప్యానెళ్లు కప్పు మీదే ఉన్నా ఇంట్లో ఫ్యాను తిరగదు. మాకు తెలిసిన ఒక కుటుంబం మూడు కిలోవాట్లు పెట్టించుకున్నాక గాలివాన రోజున ఈ సంగతి తెలుసుకుంది. అమ్మినవాళ్లు ముందే చెప్పి ఉండాల్సింది. కరెంటు పోయినప్పుడూ పనికిరావాలంటే బ్యాటరీతో నడిచే హైబ్రిడ్ ఇన్వర్టరు కావాలి. ఇల్లంతా దానిమీద పెట్టక్కర్లేదు. మూడు ఫ్యాన్లు, నాలుగు దీపాలు, ఫ్రిజ్, సంపు మోటారు, ఇంతవరకు వేరే వైరింగు లాగించండి. గోడలు పూతకు ముందే ఈ వైర్లు విడిపోవాలి.

బ్యాటరీ లెక్క కూడా తేలికే. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలో 1.8 యూనిట్లు ఉంటాయి. సీసం బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తే దాని ఆయుష్షు తరిగిపోతుంది, కాబట్టి చేతికొచ్చేది 0.9 యూనిట్లు. మూడు ఫ్యాన్లు, కొన్ని దీపాలు, ఫ్రిజ్‌తో ఒక రాత్రి గడవడానికి ఒకటిన్నర యూనిట్లు పైచిలుకు కావాలి. రెండు బ్యాటరీలు బొటాబొటిగా సరిపోతాయి. లిథియం ఫాస్ఫేట్ రకం ఖరీదెక్కువ, ఎక్కువకాలం వస్తుంది, ఎక్కువ ఖాళీ చేసుకోవచ్చు. నన్నడిగితే డబ్బు బిగువుగా ఉన్నవాళ్లు బ్యాటరీని చివరికి వాయిదా వేసుకోవచ్చు, చూరును మాత్రం వాయిదా వేయకూడదు.

సామాను ఎంచుకునేటప్పుడు నేను వాడే కొలత ఒకటుంది: ఇది చెడితే ఎవరు బాగుచేస్తారు, ఆ మనిషి ఎంత దూరంలో ఉన్నాడు? ఐదు మైళ్ల లోపల దొరికే సామానుతో ఇల్లు కట్టాలన్న గాంధీజీ మాట తనను నడిపించిందని బేకర్ చెప్పుకునేవారు. అందులోకి నేను మనుషులను కూడా చేర్చుకుంటాను. బేతంచెర్ల, తాడిపత్రి నాపరాళ్లు పరిచే పనివాడు మా ఊళ్లో ఉన్నాడు. సున్నం పూసేవాళ్లు ఇద్దరే మిగిలారు, కాబట్టి పని పెట్టుకున్న ప్రతి ఇంటివాళ్లనూ వాళ్ల పక్కన ఒక కుర్రాణ్ని చేర్చి కూలి ఇవ్వమని అడుగుతాను. చాలామంది ఒప్పుకుంటారు. పంపు వాషరు మార్చడం, బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పొయ్యడం, ప్యానెళ్లు తుడవడం ఇంట్లోవాళ్లే నేర్చుకోవాలి, అందులో అత్తా కోడలూ మగవాళ్లూ అని తేడా పెట్టుకోకూడదు.

ఇల్లు అప్పగించే రోజున నేను తాళాలతో పాటు ఒక నోటుపుస్తకం ఇస్తాను. నీళ్ల గొట్టాలు ఏ గోడలో ఎంత ఎత్తున పోతున్నాయి, తొలివాన వదిలే మూత ఎక్కడుంది, ఏ స్విచ్చు బ్యాటరీ లైను మీదిది, ఏ గుంత ఏ నెలలో మూశారు, స్లాబుకు సున్నం ఎప్పుడు కొట్టారు, దిమ్మెల మట్టి చేలో ఏ మూల నుంచి తీశాం, అన్నీ బొమ్మలతో రాసి ఉంటాయి. మొదటి నాలుగు పేజీలు నేను నింపుతాను. మిగతావి వాళ్లు నింపుకోవాలి. గోడలో ఎక్కడ మేకు కొట్టాలన్నా, పదేళ్లకు ఒక గది పెంచుకోవాలన్నా ముందు ఆ పుస్తకం తెరవాలి. దాన్ని బీరువాలో దాచకుండా, అందరి చేతికీ అందేలా వంటింటి గూట్లో పెట్టమని చెప్తాను.